చుక్కల గీత వెంట

బుల్లి ముప్పై అయిదేళ్లుగా తొక్కుతూనే ఉంది గానీ అంగుళం ముందుకు పోలేదు. కుట్టు మిషను మరి, ఎక్కడికి పోతుంది? పొద్దున ఎనిమిదింటికి కొట్టు షట్టరెత్తి, మిషను ముందు కూర్చుని, రెండు పాదాలూ ఇనప పలక మీద పెట్టిందంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. హోటళ్లకు పరదాలు, నర్సులకు యూనిఫాములు, బస్సు డ్రైవర్లకు ప్యాంట్లు. ఆ వీధిలో సగం మంది నడుం కొలతలు ఆమె నాలుక చివరే ఉంటాయి. కరెంటు మోటారు పెట్టించుకోవే అని అందరూ చెప్పి చూశారు. వినలేదు. మోటారు దాని ఇష్టానికి పరుగెడుతుందట, కాళ్లయితే చెప్పిన మాట వింటాయట.

పేరుకే బుల్లి, మనిషి బుల్లి కాదు. యాభై మూడేళ్లు, నిండైన ఒళ్లు, పెళ్లయిన కూతురు. అయినా ఇంట్లో ఆఖరుది కాబట్టి చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అలాగే అతుక్కుపోయింది. అది ఊడిపోకుండా చూసుకున్నది వాళ్లక్క.

అక్క బుల్లికన్నా ఏడేళ్లు పెద్ద. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. బడి వదిలినా బెత్తం వదల్లేదని ఎరిగినవాళ్లు చాటుగా అనుకుంటారు. చెల్లెలంటే ఆవిడకి ప్రాణం, అందులో అబద్ధమేమీ లేదు. రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ బుల్లి చేయి పట్టుకుంటుంది. చిక్కంతా ఏమిటంటే, రోడ్డు దాటాక కూడా ఆ చేయి వదలదు. హోటలుకెళితే బుల్లి ఏం తింటుందో అక్క చెబుతుంది. డాక్టరు దగ్గరికెళితే బుల్లికి ఎక్కడ నొప్పిగా ఉందో కూడా అక్కే చెబుతుంది. బుల్లి నోరు తెరిచేలోపు మందుల చీటీ చేతికొచ్చేస్తుంది.

సైకిలు యాత్ర సంగతి తెచ్చిందీ అక్కే. ఎవరో టూరు కంపెనీ వాళ్లు. ఆరు రోజులు, పద్నాలుగు మంది, ముందు గైడు, వెనక వ్యాను. సామాను వ్యానులో వస్తుంది. ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో అన్నీ వాళ్లే చూసుకుంటారు. మనం చేయాల్సిందల్లా తొక్కడమే. అక్క ఉద్యోగం చేసినన్నాళ్లూ బడికి సైకిలు మీదే వెళ్లింది కాబట్టి ఆవిడకిది నల్లేరు మీద నడక. బుల్లికేమో సైకిలు అసలు రాదు.

"ఆరు నెలలుంది కదా, కాస్త నేర్చుకో. తొక్కలేకపోతే వ్యాను ఉండనే ఉంది. నీకూ గాలి మార్పు," అంది అక్క. అప్పటికే ఇద్దరి ఫారాలూ నింపి పంపించేసింది.

ఆ ఆరు నెలలూ బుల్లి పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. తెల్లవారగానే బడి మైదానానికి వెళ్లేవాళ్లు, మొగుడూ పెళ్లామూ. ఆయన అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని చేసేవాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో సీటు వెనక పట్టుకుని పరుగెత్తేవాడు. "ఎడమకి! ఎడమకి! అయ్యో, అది కంచె!" అంటూనే ఉండేవాడు, ఆమె కంచెలో పడుతూనే ఉండేది. మోకాళ్లు దోక్కుపోయాయి. మైదానం పక్కనున్న ఇళ్లవాళ్లు కిటికీలు తెరుచుకుని మరీ చూసేవాళ్లు. నాలుగో నెలలో ఒకరోజు బుల్లి ఏదో అడుగుదామని వెనక్కి తిరిగితే సీటు పట్టుకుని ఎవరూ లేరు. ఆయన మైదానం ఆ చివర నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆ సంతోషంలో ఆమె మైదానం చుట్టూ పదకొండు సార్లు తిరిగింది. ఆగడం ఇంకా నేర్చుకోలేదు కాబట్టి అన్ని సార్లు తిరగాల్సి వచ్చిందని ఆయన తర్వాత కూతురికి ఫోన్లో చెప్పి నవ్వాడు.

అంత కష్టపడి నేర్చుకుని యాత్రకి వస్తే, మొదటిరోజు పొద్దున్నే పరువు పోయింది. గైడు మంచి కుర్రాడే. మెడలో ఈల, చేతిలో ఫారాల కట్ట. అందరినీ వరుసగా నిలబెట్టి పలకరిస్తూ వచ్చి, బుల్లి దగ్గర ఆగి, కాగితం చూసి, గొంతు కాస్త తగ్గించి, "మీకు సహాయం కావాలని రాశారు కదమ్మా. ఏం కంగారు పడకండి, మా వ్యాను మీ వెనకే ఉంటుంది," అన్నాడు. గొంతు తగ్గించినా పదమూడు జతల చెవులూ విన్నాయి. బుల్లి ఆ ఫారంలోకి తొంగి చూసింది. 'సహాయం అవసరమా?' అన్నచోట 'అవును' అని అక్క గుండ్రటి చేతిరాత. కింద ఇంకో ముక్క కూడా: 'ఒంటరిగా వదలవద్దు.' బుల్లికి తల కొట్టేసినట్టయింది.

పోనీ ఆ మాట తప్పని చూపిద్దామా అంటే, కాళ్లు సహకరించలేదు. ముందు వెళ్లేవాళ్లంతా సన్నటి టైర్ల మీద రివ్వున పోయేవాళ్లు. పళ్ల డాక్టరూ ఆయన భార్యా అయితే మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, నీళ్లు తాగుతూ కూడా తొక్కేవాళ్లు. వాళ్లని అందుకోవాలని బుల్లి మొదటి గంటంతా రొప్పుతూ పడీ పడీ తొక్కేది. రెండో గంటకి కాళ్లలో పస ఉండేది కాదు. మూడో గంటకి రోడ్డు పక్కన కూలబడేది. అప్పుడు వ్యాను మెల్లగా వచ్చి పక్కన ఆగేది. లావుపాటి డ్రైవరు దిగి, తలుపు తీసి, "రండమ్మా, సీటు చల్లగా ఉంది," అనేవాడు పాపం ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి బుల్లికి ఏడుపొచ్చేది. మొదటిరోజు వ్యాను, రెండోరోజు వ్యాను, మూడోరోజూ వ్యానే.

మూడోరోజు సాయంత్రం బసలో టీలు తాగుతుండగా గైడు వచ్చి అక్కతో, అవును అక్కతోనే, మెల్లగా చెప్పాడు. ఆవిడ కోసం ఆగి ఆగి అందరికీ ఆలస్యమవుతోంది, కొంతమంది సణుగుతున్నారు, ఏం చేద్దాం?

"ఇందులో ఏముంది, మిగతా మూడు రోజులూ వ్యానులో కూర్చుంటుంది లెండి. నేను ముందే రాశాగా," అంది అక్క.

బుల్లి అక్కడే ఉంది. రెండు బారల దూరంలో, చేతిలో టీ కప్పుతో. ఇన్నేళ్లలో అక్క తన తరఫున చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కప్పు కింద పెట్టేసింది.

"నన్నడగండి బాబూ," అంది గైడుతో. "నేనిక్కడే ఉన్నానుగా."

అక్క ఉలిక్కిపడి చూసింది. గైడు కూడా.

"రేపు ఒక్కరోజు చూడండి," అంది బుల్లి. "భోజనాల చోటికి ఒంటిగంటలోపు నా అంతట నేనొస్తే, మిగతా రెండు రోజులూ తొక్కనివ్వండి. రాలేకపోయాననుకోండి, మీరు చెప్పినట్టే వ్యానెక్కి కూర్చుంటా. ఇంటికెళ్లాక కూడా ఇంక సైకిలు ఊసెత్తను."

"పంతాలు దేనికే నీకు, ఈ వయసులో?" అంది అక్క.

"వయసు నాకొచ్చిందని ఒప్పుకున్నావు, అది చాలు."

గైడు నవ్వు ఆపుకుని, సరేనన్నాడు. అందరికన్నా గంట ముందు, ఆరింటికే బయల్దేరమన్నాడు. గంట ముందు పోతే ఎక్కడో ఒకచోట అందరూ దాటుకెళతారు, వెనక ఎలాగూ వ్యాను ఉంటుంది, భయం లేదు.

ఇక్కడే ఒక చిన్న పొరపాటు జరిగింది. రాత్రి భోజనాలప్పుడు గైడు మర్నాటి దారి మ్యాపు కాగితాలు అందరికీ పంచి, ఎలా వెళ్లాలో వివరంగా చెప్పాడు. ఆ సమయానికి బుల్లి పక్క గదిలో ఉంది. పళ్ల డాక్టరుగారి సైకిలు లాగు కూర్చునే చోట నిలువునా చిరిగింది. ఆయన సిగ్గుపడుతూ తువ్వాలు చుట్టుకుని వచ్చి బతిమాలితే, సూదీ దారం తీసి కుడుతూ కూర్చుంది. మనిషి ఎక్కడికెళ్లినా పని వెంటపడి వస్తుంది కదా. కుట్టు పూర్తయ్యేసరికి గైడు చెప్పడమూ పూర్తయింది. అక్క వచ్చి మ్యాపు చేతిలో పెట్టి, "జాగ్రత్త. నీ ఫోను నా సంచిలోనే ఉంచుతున్నా, నువ్వైతే ఎక్కడైనా పారేసుకుంటావు," అని వెళ్లి పడుకుంది.

తెల్లారి ఆరింటికి బుల్లి బయల్దేరింది. చల్లగా ఉంది, రోడ్డు మీద పురుగు కూడా లేదు. పది కిలోమీటర్లు వెళ్లాక దారి రెండుగా చీలింది. ఒకటి కుడివైపు ఏటి గట్టు మీదుగా, ఒకటి ఎడమవైపు చెట్లలోకి. ఆగి, కాలు ఆనించి, జేబులోంచి మ్యాపు తీసింది. కాగితం మీద కుడివైపు దారికి నిండు గీత ఉంది, ఎడమవైపు దారికి చుక్కల గీత.

ఇంకెవరైనా అయితే ఆలోచించేవాళ్లు. మూలన సన్నటి అక్షరాల్లో ఏదో రాసుంది, అది చదివేవాళ్లు. బుల్లికి ఆ అవసరమే కనిపించలేదు. పద్దెనిమిదో ఏటి నుంచీ ఆమె గీతల కాగితాలతోనే బతుకుతోంది. డిజైను పుస్తకాల్లో వచ్చే కాగితాల మీద నిండు గీత కత్తెరకి, చుక్కల గీత సూదికి. నిండు గీత గుడ్డ ఎక్కడ అయిపోతుందో చెబుతుంది. మనం పోవాల్సింది మాత్రం ఎప్పుడూ చుక్కల మీదే. నిండు గీత మీద కుట్టావంటే చొక్కా కాస్తా సంచి అవుతుంది. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి ఆమె మొదటిరోజు నేర్పే పాఠమే అది. మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని, ఏ అనుమానమూ లేకుండా ఎడమవైపుకి తిప్పింది.

రెండు కిలోమీటర్లు బాగానే ఉంది. ఆ తర్వాత రోడ్డు పైకి లేవడం మొదలుపెట్టింది. లేచింది లేచినట్టే ఉండిపోయింది. ఒక మలుపు తిరిగితే ఇంకాస్త పైకి, ఇంకో మలుపు తిరిగితే ఇంకాస్త. బుల్లికి చెమటలు పట్టాయి. గుండె దడదడమంటోంది. మొదటి మూడు రోజుల అలవాటు కొద్దీ బలమంతా పెట్టి గబగబా తొక్కింది. వంద గజాలకే ఊపిరి ఆడలేదు. దిగి, హ్యాండిలు మీద వాలి నిలబడింది.

వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరు. మూడు రోజుల్లో మొదటిసారి, అందుకోవాల్సిన వీపు ఒక్కటీ కళ్ల ముందు లేదు.

అప్పుడు తట్టింది. మందపాటి గుడ్డ మిషనులో పెట్టినప్పుడు తనేం చేస్తుంది? జీన్సు నాలుగు మడతలు ఒకచోట చేరితే గబగబా తొక్కుతుందా? తొక్కితే సూది విరగదూ? పాదం తేలిక చేసి, ఒక్కో కుట్టూ దిగనిచ్చి, గుడ్డ ఎంత పోతానంటే అంతే పోనిస్తుంది. ఇదీ మందపాటి గుడ్డే. గైడు నాలుగుసార్లు చెప్పినా బుర్రకెక్కని గేర్ల సంగతి ఇప్పుడు కాళ్లకే అర్థమైంది. అన్నిటికన్నా తేలిక గేరు వేసుకుంది. మళ్లీ ఎక్కింది. తొక్కింది, ముప్పై అయిదేళ్లుగా కొట్టులో తొక్కినట్టు.

సైకిలు నడిచే మనిషికన్నా కాస్త నయంగా పోతోంది, అంతే. కానీ పోతోంది. ఇంక బుల్లి కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి పరదాల లెక్కలోకి దిగింది. ఆ మైలురాయి దాకా ఒక పరదా అంచు. ఆ వంగిన చెట్టు దాకా ఇంకోటి. హోటలు వాళ్లు ఒకేసారి అరవై పరదాలు తెచ్చి పడేసి ఎల్లుండికి కావాలన్నప్పుడు కుట్టలేదూ? ఈ రోడ్డెంత? కాళ్లు నొప్పిపెట్టాయి గానీ అది తెలిసిన నొప్పే, రోజూ సాయంత్రం కొట్టు మూసేటప్పుడు వచ్చేదే. ఆ నొప్పితో ఆమెకి ముప్పై అయిదేళ్ల స్నేహం.

ఆరు కిలోమీటర్లు ఎక్కాక రోడ్డు పక్క కూలిన గోడకి రాళ్లు పేరుస్తూ ఒక మేస్త్రీ కనిపించాడు. పక్కన ట్రాక్టరు. ఆమెని చూసి తాపీ పక్కన పెట్టేశాడు.

"ఎక్కడికమ్మా?"

"భోజనానికి, అన్నా," అంది బుల్లి రొప్పుతూ.

"ఈ దారినా?" మేస్త్రీ నోరెళ్లబెట్టాడు. "ఏటిగట్టు రోడ్డు కిందే వదిలేశారు కదమ్మా. ఇది కొండ దారి. పందేలకి తయారయ్యే కుర్రాళ్లు తప్ప ఇటు ఎవరూ తొక్కరు."

బుల్లి మ్యాపు తీసింది. మేస్త్రీ తడి వేలితో మూలన ఉన్న అక్షరాలు చూపించాడు. 'నిండు గీత: మన దారి. చుక్కల గీత: కొండ దారి, బాగా అనుభవం ఉన్నవారికి మాత్రమే.' అది ఆమె రెండుసార్లు చదివింది. అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది. అక్క రాసిందే నిజమా? ఒంటరిగా వదిలితే తను ఇలాగే తప్పిపోతుందా? ఆ క్షణంలో నిజంగానే అనిపించింది.

మేస్త్రీ జాలిగుండె గలవాడు. నీళ్లిచ్చాడు. "ఏం బాధపడకండమ్మా. సైకిలు ట్రాక్టరులో వేస్తా. పైదాకా దింపేస్తా. అక్కణ్ణించి అంతా దిగుడే."

బుల్లి నీళ్లు తాగుతూ లెక్క వేసుకుంది. కొలతలు వేయడం చేతకాని మనిషి కాదు. వెనక్కి వెళితే ఆరు కిలోమీటర్లు దిగాలి, చీలిక దాకా ఇంకో రెండు, ఆపైన ఏటిగట్టు మీద ముప్పై రెండు. తన వేగానికి మూడు దాటినా చేరదు. ముందుకైతే ఎక్కాల్సింది మూడే, ఆ తర్వాత ఏడెనిమిది దిగుడు. ఇప్పుడు తొమ్మిది. ట్రాక్టరెక్కితే పదింటికల్లా భోజనాల దగ్గరుంటుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. తనకి మాత్రం తెలుస్తుంది.

"వద్దన్నా," అంది లేస్తూ. "బండెక్కేదాన్నయితే కిందే ఎక్కేదాన్ని. తెల్ల వ్యానులో ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం, క్షేమంగా పైకి వెళ్లిందని చెప్పండి."

"ఆగండమ్మా, పైన ఇంకా నిటారుగా ఉంటుంది!"

"ఉండనీండి. దాని మందం దానిది."

ఆ మాటకి మేస్త్రీకి ఏమర్థమైందో గానీ, ఆమె మలుపు తిరిగేదాకా తాపీ ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు.

నిజంగానే నిటారుగా ఉంది. రెండు మలుపుల దగ్గర సైకిలు కదలనంది. దిగి తోసింది, అందులో దాపరికమేముంది. చివరి కిలోమీటరు ఎలా గడిచిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఒళ్లు హూనమైంది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, నోరు ఎండిపోయింది. "ఒక్క అంచు. ఇంకొక్క అంచు. ఇదే ఆఖరు పరదా," అని పైకే అనుకుంటూ తొక్కింది. ఆఖరు పరదా అని పదిసార్లు అబద్ధం చెప్పుకుంది. పదకొండోసారి కాళ్లు ఒక్కసారిగా తేలికైపోయాయి. ఏమిటా అని చూస్తే రోడ్డు ఇంక పైకి లేదు.

పైన పెద్దగా ఏమీ లేదు. ఒక రాతి దిమ్మె, దాని మీద కొండ ఎత్తు చెప్పే అంకె, హోరుమనే గాలి. బుల్లి సైకిలు దిమ్మెకి ఆనించి, తను ఎక్కి వచ్చిన దారి కేసి చూసింది. కింద ఎక్కడో దారం ముక్కలా కనిపిస్తోంది. అదంతా తన కాళ్లే. మొగుడు సీటు పట్టుకోలేదు, అక్క చేయి పట్టుకోలేదు, డ్రైవరు తలుపు తీయలేదు.

"ఎక్కేశా!" అని అరిచింది.

ఎవరూ పలకలేదు. ఇంకా గట్టిగా, "ఎక్కేశానే అక్కా!" అని అరిచింది. కాస్త దూరంలో మేస్తున్న మేకలు రెండు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. బుల్లికి నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. బొటబొటా కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు కూడా. ఎవరున్నారు చూడ్డానికి? కూతురు పుట్టిన రోజు తర్వాత ఇంత సంతోషం ఆమె ఎరగదు.

దిగుడు ఇంకో కథ. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి, ప్రతి మలుపుకీ ఒకసారి ఆగి చేతులు విదిలించుకుంటూ దిగింది. ఇప్పుడు ఆగడం వచ్చు కాబట్టి సరిపోయింది. కొండ పాదం దగ్గర ఎర్ర పెంకుల భోజనశాల ముందు కాలు ఆనించేసరికి గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

లోపల యజమానురాలు ఇంకా బల్లలు తుడుస్తోంది. ఆరుబయట ఒక్క సైకిలు లేదు.

"ఎంతమందమ్మా?" అని అడిగింది యజమానురాలు.

"పద్నాలుగు మంది," అంది బుల్లి. తర్వాతి మాట నోట్లో కాసేపు ఉంచుకుని మరీ అంది. "మిగతావాళ్లు వెనకొస్తున్నారు."

"ఏమన్నారూ?"

"వెనకొస్తున్నారు," అంది మళ్లీ. రెండోసారి ఇంకా బాగుంది.

ఆ వెంటనే అక్క మొహం గుర్తొచ్చి కంగారు పడింది. కాగితం మీదున్న గైడు నంబరుకి యజమానురాలి ఫోన్లోంచి చేసింది. అవతల గైడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏటిగట్టు మీద టీల దగ్గర ఆమె ఎక్కడా కనిపించకపోయేసరికి అందరికీ పైప్రాణాలు పైనే పోయాయట. అందరూ అక్కడే ఆగిపోయారట. అక్క తన సైకిలు వ్యాను మీద కట్టించుకుని, డ్రైవరుతో కలిసి వెతకడానికి వెనక్కి పోయిందట.

"ఎక్కడున్నారమ్మా మీరసలు?"

"భోజనాల దగ్గర బాబూ."

"ఏ దారిన?" అన్నాడు గైడు.

"చుక్కల గీత మీద. తప్పు నాదే, కాగితం సరిగ్గా చదవలేదు. మిమ్మల్ని హడలగొట్టినందుకు ఏమీ అనుకోకండి." అంతవరకే చెప్పింది. ఎక్కినందుకు మాత్రం క్షమాపణ చెప్పలేదు.

గైడు వ్యానుకి ఫోను చేసి చూశాడు గానీ కొండ మీద తగల్లేదు. పన్నెండు దాటాక కొండ దిగి వ్యాను వచ్చింది. ముందు భాగంలోంచి పొగలు కక్కుతోంది. వ్యాను పూర్తిగా ఆగకముందే అక్క దూకేసింది. జుట్టు రేగిపోయింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న చెల్లెల్ని చూసి అక్కడికక్కడే నిలబడిపోయింది. మరుక్షణం వచ్చి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"బుద్ధుందా నీకు? ఒక్క మాట చెప్పక్కర్లేదా? ప్రతి మలుపులోనూ దిగి లోయలోకి తొంగి చూశానే! సైకిలు చక్రం ఎక్కడ కనిపిస్తుందోనని!" అంటూనే గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. బడిలో పిల్లల్ని గడగడలాడించిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఫోను నీ సంచిలో ఉందక్కా," అంది బుల్లి మెల్లగా. "లేకపోతే చెప్పేదాన్నే."

అక్క తన భుజానున్న సంచి కేసి చూసుకుంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

డ్రైవరు ఇంజను మూత తెరిచి నీళ్లు పోస్తూ, "మూడుసార్లు ఆగిందమ్మా బండి," అన్నాడు. "పైకి లాగలేక వేడెక్కిపోయింది. ఆ గోడ కట్టే మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? ట్రాక్టరెక్కమంటే వద్దని తొక్కుకుంటూ పోయిందయ్యా మహాతల్లి, మీ బండి పోగలదో లేదో మీరే చూసుకోండి అన్నాడు."

ఒంటిగంటకి మిగతావాళ్లంతా బిలబిలమంటూ వచ్చారు. విషయం అప్పటికే ఆ నోటా ఈ నోటా పాకింది. పళ్ల డాక్టరు సైకిలు దిగి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య వచ్చి బుల్లి పిక్కలు పట్టుకుని చూసింది. గైడు మాత్రం మొహం గంభీరంగా పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకోసారి ఇలా చేయకండమ్మా. నిజంగా చెబుతున్నా, నా గుండె ఆగిపోయింది."

"చేయను బాబూ."

"నడిపించారా, తొక్కారా?"

"రెండు మలుపులు తోశాను. మిగతాదంతా తొక్కాను."

గైడు ఇంక గంభీరంగా ఉండలేకపోయాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది. "ఆ రెండు మలుపులూ నేనూ తోస్తానమ్మా. పోయినేడాది మా యాత్రల్లో పదకొండు మంది ఆ దారిన మొదలుపెడితే పైకి చేరింది నలుగురు. మీరిప్పుడు అయిదోవారు." లేచి నిలబడి ఈల ఊదాడు. "వినండి! మిగతా రెండు రోజులూ ఈవిడ అందరితోపాటు తొక్కుతారు. ఎవరికైనా అభ్యంతరమా?"

అభ్యంతరం చెప్పే మొహం ఒక్కటీ లేదు. బల్లలు వాయించారు, గ్లాసులు మోగించారు. యజమానురాలు గరిటెతో సహా వచ్చి చప్పట్లు కొట్టింది. బుల్లికి సిగ్గు ముంచుకొచ్చింది గానీ తల మాత్రం దించుకోలేదు. ఇది తనదని తెలుసు, తనదాన్ని తీసుకోవడానికి సిగ్గెందుకు? కంచం నిండా వడ్డించుకుని, అడక్కుండానే రెండోసారి కూడా వడ్డించుకుంది.

అక్క ఎదురుగా కూర్చుంది గానీ సరిగ్గా తినడం లేదు. చెల్లెల్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. చుట్టూ గోల కాస్త సద్దుమణిగాక ముందుకి వంగింది.

"ఆ కొండంతా చూసుకుంటూ వచ్చానే," అంది. "నా వల్ల కాదు. నేనైతే సగంలోనే దిగిపోయేదాన్ని."

బుల్లి తినడం ఆపింది. అక్క నోటి వెంట 'నా వల్ల కాదు' అనే మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గొప్పగా అనిపించాల్సింది పోయి, అక్క మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

"ఎలా ఎక్కావు? నిజం చెప్పు."

"మెల్లగా ఎక్కానక్కా. ఎవరి వెనకా పడకుండా. నాకు చేతనైనంత మెల్లగా."

అక్క సంచిలోంచి ఫోను తీసి, బల్ల మీదుగా చెల్లెలి వైపు జరిపింది.

"ఎల్లుండి ఇంకో కొండ ఉందట," అంది. "అందరికీ అదే దారట, ఇంకో దారి లేదట. నువ్వు ముందు తొక్కు. నేను నీ వెనకొస్తా."

"నా వెనకొస్తే బాగా మెల్లగా రావాలక్కా. మధ్యలో తొందరపెట్టకూడదు."

"పెట్టనులే."

"సలహాలు చెప్పకూడదు."

అక్క నోరు తెరిచింది, మూసుకుంది. "సరే," అంది చాలా కష్టం మీద.